మంచి నూలు మీద చూపించిన మగ్గం

న్యూ టౌన్ యాక్షన్ ఏరియా వన్‌లో, సీఎఫ్ బ్లాకులో, పాట్‌సన్ భవన్ అని ఒక ప్రభుత్వ భవనం ఉంది. జ్యూట్ కమిషనర్ కార్యాలయం, నేషనల్ జ్యూట్ బోర్డు, జ్యూట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అన్నీ అందులోనే. ఏ మిల్లు ఈ నెల ఎన్ని బేళ్ల గోనె సంచులు పంపాలో ఉత్తర్వులు అక్కణ్ణుంచే వెళ్తాయి. మా ఆఫీసు ఆ భవనానికి దగ్గరే. దగ్గర్లో ఉన్నాను కాబట్టి ఆ పరిశ్రమ నాకు తెలుసని చాలాకాలం నమ్మాను. సబ్సిడీ నిబంధనలు తెలుసు, సర్క్యులర్లు తెలుసు, ఏ మిల్లు మేనేజరు ఏ పని మీద ఆ మెట్లెక్కుతాడో తెలుసు. చట్‌కల్ అనే జూట్ మిల్లు లోపల, తాంత్‌ఘర్ అనే మగ్గాల గదిలో, రాత్రి షిఫ్టులో ఒక మగ్గం ఆగిపోతే ఎవరు ఏం చేస్తారో మాత్రం తెలియదు. ఆ తెలియనితనంతోనే కొత్త మగ్గాలు తెచ్చి అమ్మాను.

అవి సరిగ్గా నడవలేదు. మొదట్లో తప్పు రోజులదనుకున్నాను. తర్వాత మిల్లుదనుకున్నాను. కొన్నాళ్లు నేతగాళ్లదే అని కూడా అన్నాను, అదీ నలుగురి ముందు. నా దాకా రావడానికి ఆలస్యమైంది. నా తెలివితక్కువతనానికి ధర నేనే చెల్లించి ఉంటే ఇది నాలోనే ఉంచుకునేవాణ్ణి. ఎక్కువ భాగం చెల్లించింది వేరేవాళ్లు. అందుకే రాస్తున్నాను.

గోనెగుడ్డ నేసే పాత మగ్గంలో నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. నాడెలో పేక కండె ఉంటుంది. జనపనార పేక లావుగా ఉంటుంది కాబట్టి కండె చూస్తుండగానే అయిపోతుంది; మగ్గం ఆపి ఇంకోటి పెట్టాలి. అలాంటి మగ్గం నిమిషానికి సుమారు 120 నుంచి 160 పేకలు వేస్తుంది. పక్క మనిషితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి, అంత మోత. నేను తెచ్చింది రేపియర్ మగ్గం. ఇందులో నాడె ఉండదు. పక్కనున్న పెద్ద ఉండ నుంచి పేకను ఒక పట్టు అందుకుని పడుగు మధ్యలోంచి లాక్కుపోతుంది. మాటిమాటికీ కండె మార్చే పని లేదు, మోత తక్కువ, వేగం 200 దాటుతుంది. ఒక మనిషి ఎక్కువ మగ్గాలు చూసుకోగలడు. మా యంత్రం చెడ్డదని ఈ రోజుకీ అనను. ఇలాంటివి కొన్ని మిల్లుల్లో బాగా నడుస్తున్నాయి. అవి ఎందుకు నడుస్తున్నాయో కనుక్కోకుండా నావీ నడుస్తాయనుకున్నాను.

ఈ పరిశ్రమకు కొత్త మగ్గాలు కావాలనే మాటలో సందేహం లేదు. 1987 నాటి చట్టం కింద మన ధాన్యమంతా, చక్కెరలో ఐదో వంతు జనపనార సంచుల్లో నింపాలని ప్రభుత్వం ఏటా ప్రకటిస్తోంది. యాభై కిలోల ధాన్యం సంచికి బీఐఎస్ 2014లో ఒక ప్రమాణం పెట్టింది: 94 సెంటీమీటర్ల పొడవు, 57 వెడల్పు, 580 గ్రాముల బరువు. కొనుగోలు కేంద్రంలో మన రైతు వడ్లు పోసేది ఇలాంటి సంచిలోనే. ఏప్రిల్, మే నెలల్లో రబీ ధాన్యం రాశులు పోసుకుని, సంచులు రాలేదని రైతులు ఎదురుచూస్తున్న వార్తలు తెలంగాణ నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వింటూనే ఉంటాం. ఆ ఎదురుచూపుకి కారణాలు చాలా ఉంటాయి. హుగ్లీ ఒడ్డున ఆగిన మగ్గం వాటిలో ఒకటి. ఆ మాట నేను అమ్మకాల ప్రసంగంలో వాడుకున్నాను. నా మగ్గాలు వస్తే ఆ కొరత తగ్గుతుందన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. చంపావతి ఒడ్డున జూట్ మిల్లు సైరన్‌ని బట్టి మా ఇళ్లలో పొయ్యి వెలిగేది. మా పొలాల్లో పండే గోగునార ఒకప్పుడు భీమిలి రేవులో ఓడలెక్కేది. కలకత్తా వ్యాపారులు దాన్ని ఇప్పటికీ బిమ్లీ అనే అంటారు. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి నాలుగైదు తరాలుగా జనం హుగ్లీ మిల్లులకు వస్తూనే ఉన్నారు. టిటాగఢ్‌లో, కాంకినారాలో, జగద్దల్‌లో కూలి లైన్ల మధ్య ఇప్పటికీ మన పండగలు కనిపిస్తాయి. ఇవన్నీ తెలిసినవాణ్ణి కదా, అందుకే ఈ పని నాకంటే బాగా చేసేవాడు లేడని మా కంపెనీ నమ్మింది. నేనూ నమ్మాను. పుట్టిన ఊళ్లో మిల్లు ఉన్నంత మాత్రాన మిల్లు పని రాదని ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ల మీద కోపం తెచ్చుకునేవాణ్ణి.

2021 చలికాలంలో మగ్గాలు దిగాయి. న్యూ టౌన్‌లో ఒక హోటల్ హాలు తీసుకుని పరిచయ సభ పెట్టాం. వీడియో వేశాం, పటాలు చూపాం, భోజనాలు పెట్టాం. వచ్చినవాళ్లంతా యజమానులు, కొనుగోలు అధికారులు, బ్యాంకు మనుషులు. మగ్గం దగ్గర నిలబడే మనిషి ఒక్కడు కూడా ఆ హాల్లో లేడు. పిలవాలన్న ఆలోచనే రాలేదు.

తర్వాత మొదటి మిల్లులో ప్రదర్శన. అక్కడే అసలు తప్పు చేశాను. ఆ మిల్లు రోజూ వాడే నూలు వద్దన్నాను. మంచి గ్రేడు నారతో, సరైన పాళ్లలో నూనె, నీళ్లు పట్టించి, చాలినన్ని రోజులు మగ్గబెట్టిన బ్యాచి నుంచి వడికిన పడుగు కావాలని అడిగి తెప్పించుకున్నాను. పెళ్లిచూపుల్లో అరువు నగలు పెట్టినట్టు. మగ్గం మెత్తగా నడిచింది. గంటల తరబడి పోగు తెగలేదు. యజమాని ముఖం వెలిగింది, నా ముఖం అంతకంటే ఎక్కువ.

జనపనార పోగుకి ఒక గుణం ఉంది. అది సాగదు. తెగే ముందు నూటికి ఒకటిన్నర, రెండు పాళ్లు సాగితే గొప్ప. పత్తి పోగు దానికి మూడు నాలుగు రెట్లు సాగుతుంది. మగ్గం వేగం పెరిగేకొద్దీ పడుగు మీద పడే లాగుడు పెరుగుతుంది. సాగే పోగు ఆ లాగుడు ఓర్చుకుంటుంది, సాగనిది తెగుతుంది. పాత నాడె మగ్గం నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి లావూ సన్నం కలిసిన నూలుని, మధ్యలో బలహీనమైన చోట్లున్న నూలుని ఏదోలా భరించి గుడ్డ చేస్తుంది. కొత్త మగ్గం ఒప్పుకోదు. ఎక్కడ పోగు తెగితే అక్కడ ఆగిపోతుంది, ఆగేలాగే దాన్ని తయారుచేశారు. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతి. నేను చదివినదే.

ప్రదర్శన రోజు తాంత్‌ఘర్‌లో ఒక పెద్దాయన నా పక్కన నిలబడి చాలాసేపు చూశాడు. పాత మగ్గాల మిస్త్రీ. టిటాగఢ్‌లోనే పుట్టి పెరిగినా మాటలో ఇంకా మా జిల్లా యాసే. నేను తెలుగువాణ్ణని తెలిసి దగ్గరకొచ్చాడు.

"బాబూ, మగ్గం బాగున్నాది. నూలే అనుమానం."

"నూలుకేమైంది బాబాయ్, ఒక్క పోగు తెగలేదుగా?"

"తెగదు. ఇది ఏరి తెచ్చిన నూలు, నాకెరికే. ఏసంగిలో మా మిల్లు నూలు ఇలగుండదు. అప్పుడోపాలి తోలి సూడండి, ఆ తర్వాత అమ్ముకోండి."

"నువ్వు బెంగపెట్టుకోకు, అదంతా మిషనే చూసుకుంటుంది" అన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయాడు. యజమాని పిలిస్తే నేను అటు వెళ్లిపోయాను. మళ్లీ వచ్చి ఆ మాట పూర్తిగా వినలేదు. ఈ మొత్తం కథలో నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. నా భాషలో, నా జిల్లా యాసలో, నా మేలు కోరి చెప్పిన మాటని మధ్యలో వదిలేశాను.

ఆయన చెప్పినదాంట్లో కొత్తేమీ లేదు. జనపనార వానాకాలం చివర కోతకొస్తుంది. ఊరబెట్టి, నార తీసి, ఆరబెట్టి మిల్లుకి చేరేసరికి శరదృతువు. చలికాలంలో గోదాముల్లో కొత్త పంట నిండుగా ఉంటుంది, ఎంచుకోవడానికి వీలుంటుంది. ఎండలు ముదిరేసరికి మంచి గ్రేడు అడుగంటుతుంది. మిగిలినదాన్ని, నాసిదాన్ని, ఒక్కోసారి గోగునారని కలిపి బ్యాచి కడతారు. ఆ ఏడు మరీ ఘోరం. 2020 మే నెలలో అంఫన్ తుపాను దక్షిణ బెంగాల్‌ని తుడిచిపెట్టినప్పుడు చేలో ఉన్న పంట దెబ్బతింది, నార ధర పైకెక్కి దిగలేదు. 2021 సెప్టెంబరు చివర్లో జ్యూట్ కమిషనర్ ముడి నారకు క్వింటాల్ 6,500 రూపాయలని గరిష్ఠ ధర కట్టారు. ఆ ధరకి బజారులో సరుకు బయటికి రాలేదు. నార దొరక్క కొన్ని మిల్లులు తలుపులు మూశాయి. 2022 మే 20న గాని ఆ ఉత్తర్వు ఎత్తెయ్యలేదు.

ఆ ఉత్తర్వు వెలువడింది మా ఆఫీసు పక్క భవనం నుంచి. వచ్చిన రోజే చదివాను. దాని గురించి ఖాతాదారులకు ఒక నోట్ కూడా రాసి పంపాను. నార కరువైతే బ్యాచి నాసిగా ఉంటుంది, బ్యాచి నాసిదైతే నూలు నాసిది, నూలు నాసిదైతే నా మగ్గం ఆగుతుంది. మూడు అంగల దారి. ఒక్క అంగ కూడా వెయ్యలేదు. ధర గురించి ఆలోచించేటప్పుడు నేనొక వ్యాపారిని, మగ్గం గురించి ఆలోచించేటప్పుడు ఇంజినీర్ని. ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

మార్చి చివరికి ఫోన్లు మొదలయ్యాయి. పడుగు తెగుతోంది. కట్టి నడిపితే మళ్లీ తెగుతోంది. గాలిలో ఎగిరే నార ధూళి సెన్సార్ల మీద పేరుకుంటే పోగు తెగకపోయినా మగ్గం ఆగుతోంది. విసుగొచ్చి ఎవరో సెన్సార్ తీగ తప్పించి నడిపితే తెగిన పోగులతోనే గుడ్డ వచ్చేసింది. ఆ సంచులు తనిఖీలో తిరిగొచ్చాయి. రేపియర్ మగ్గంలో పేక ప్రతిసారీ అంచు దగ్గర తెగుతుంది, పాత మగ్గంలోలా వెనక్కి మళ్లదు. రెండు వైపులా కుచ్చు మిగులుతుంది, ఆ నూలు వృథా. కుట్టు విభాగంలో పాత అంచుకి అలవాటుపడ్డ చేతులు ఈ కుచ్చుతో తంటాలు పడ్డాయి. వాళ్లకి ముందుగా ఒక ముక్క చూపించి అడగాలని కూడా నాకు తోచలేదు. మగ్గం అమ్మితే పక్క గదిలో పని మారుతుందని ఊహించలేకపోయాను.

ఇక సాయం సంగతి. అమ్మేటప్పుడు నేనిచ్చిన మాట: ఏ ఇబ్బంది వచ్చినా తయారీదారు ఇంజినీరు వచ్చి నిలబడతాడు. మగ్గాలు చైనావి. 2020 మొదట్లోనే రెండు దేశాల మధ్య నేరుగా తిరిగే విమానాలు ఆగిపోయాయి, వీసాలు కూడా అప్పట్లో దొరికేవి కావు. ఈ విషయం పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా మాట ఇచ్చాను. అబద్ధమని అనుకోకుండానే ఇచ్చాను. అప్పటికి దారులు తెరుచుకుంటాయిలే అనుకున్నాను. తెలివితక్కువతనం అని ఇంతసేపూ అంటున్నాను గాని, ఈ ఒక్క చోట ఆ మాట సరిపోదు. నా ఆశని ఒప్పందంలో హామీగా రాసిచ్చాను. ఆ హామీని నమ్మి ఒకాయన బ్యాంకులో అప్పు తీసుకున్నాడు.

ఇంజినీరు రాలేదు. వీడియో కాల్ వచ్చింది. జూట్ మిల్లులో ఏ షిఫ్టు పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా, మళ్లీ రెండు నుంచి ఐదు దాకా. మధ్యలో బీ షిఫ్టు, అది రాత్రి పదింటికి ముగుస్తుంది. పది నుంచి పొద్దున ఆరు దాకా సీ షిఫ్టు. మగ్గం ఎక్కువగా మొరాయించేది సీ షిఫ్టులోనే, ఎందుకంటే మంచి ఫిట్టర్లు పగలు ఉంటారు. ఆ వేళకి అటు చైనాలో మనిషి నిద్రలో ఉంటాడు. తాంత్‌ఘర్ లోపల సిగ్నల్ అందదు. సిగ్నల్ అందే చోటికి మగ్గం రాదు. అతను చెప్పింది అక్కడొకరు ఇంగ్లీషు చేస్తే, నేను హిందీ చేస్తే, లైన్ సర్దార్ భోజ్‌పురిలో నేతగాడికి చెప్పేవాడు. ఆ నేతగాడు ఒరియావాడైతే ఇంకో మజిలీ. చివరికి చేరేది అసలు మాట కాదు.

మగ్గంతో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, అదీ చైనా ఇంగ్లీషు. ఆ మిల్లులో హిందీ, బెంగాలీ, ఉర్దూ, ఒరియా, తెలుగు మాట్లాడే చేతులున్నాయి. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాషా హోదా ఇచ్చినప్పుడు సంబరపడి ఊళ్లో అందరికీ ఫోన్లు చేసినవాణ్ణి నేను. ఆ పుస్తకంలోంచి ఒక్క పేజీ తెలుగులోకి తేలేదు. ఆ మిస్త్రీకి తెలుగు చదవడం వచ్చు.

విడిభాగాల విషయంలో నేను మరీ మొండిగా ఉన్నాను. పేకని లాగే పట్టు అరిగిపోతుంది, దాన్ని మోసే టేపు చీలుతుంది, చిన్న పళ్ల చక్రాలు విరుగుతాయి. జనపనార గరుకు సరుకు. దాని మీద ఏ భాగమైనా పత్తి మీదకంటే త్వరగా అరుగుతుంది. నేను తెప్పించి పెట్టుకున్న నిల్వ ఆ ప్రదర్శన నూలు లెక్క మీద వేసింది. అది అయిపోయాక ఓడలో రావాలి, ఖిదిర్‌పూర్ రేవులో దిగాలి, కస్టమ్స్ దాటాలి. ఈలోగా మిల్లు ఫిట్టర్లు హౌరా వెళ్లి బెలిలియస్ రోడ్డులో ఒక చక్రం చేయించుకొచ్చి బిగించారు. మగ్గం నడిచింది. ఆ సంగతి తెలిసి నేను, బయటి భాగం వేస్తే వారంటీ చెల్లదని ఉత్తరం పంపాను. ఆ ఉత్తరం నకలు నా దగ్గరుంది. అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను.

హౌరా అంటే ఏమిటో నాకు తర్వాతే అర్థమైంది. అక్కడి ఇరుకు సందుల్లో పోత పోసేవాళ్లు, లేత్ పట్టేవాళ్లు లేకపోతే ఈ మిల్లులు ఎప్పుడో ఆగిపోయేవి. 1930లలో ఆలమోహన్ దాస్ దాస్‌నగర్ కట్టి యంత్రాలు చేయించడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ చేతులకి జూట్ మిల్లు ఇనుము బాగా తెలుసు. హుగ్లీ మిల్లుల్లో చాలా వడుకు యంత్రాల మీద బెల్‌ఫాస్ట్‌లోని మాకీ కంపెనీ పేరు పోతపోసి కనబడుతుంది. ఆ కంపెనీ 1999లో మూతపడింది. ఫ్రేములు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. చేసినవాడు లేకుండా పోయినా యంత్రం నడుస్తోందంటే, దాని ప్రతి ముక్కనీ చూసి మళ్లీ చెయ్యగలిగిన మనుషులు ఈ నది ఒడ్డునే ఉండబట్టి. ఆ మనుషులకే నేను వారంటీ పేరుతో తలుపు వేశాను.

ఈ నది ఒడ్డుకు వచ్చిన మొదటి యంత్రాల చరిత్ర కూడా అప్పుడే శ్రద్ధగా చదివాను. అంతకుముందు పరిచయ సభలో ఒక స్లైడుగా మాత్రమే వాడుకున్నాను: 1855లో జార్జ్ ఆక్లండ్ డండీ నుంచి వడుకు యంత్రాలు తెచ్చి రిష్రాలో మిల్లు పెట్టాడు, 1859లో బరానగర్‌లో ఆవిరి మగ్గాలు వచ్చాయి, అని. ఆ స్లైడులో లేని సంగతి ఏమిటంటే, డండీలో కూడా అవిసెనార యంత్రాల మీద జనపనార మొదట నడవలేదు. పెళుసుగా విరిగిపోయేది. తిమింగలం నూనె, నీళ్లు చల్లి నారని మెత్తబరచడం నేర్చుకున్నాకే 1830లలో అది వడకడానికి లొంగింది. డండీ తిమింగలాల వేటకు కూడా రేవు కాబట్టి నూనె చేతికి అందింది. అంటే ఈ పరిశ్రమ పుట్టిందే యంత్రం కంటే ముందు నారని చూసుకోవడంలో. ఇంకొకటి. డండీ వాళ్లు యంత్రాలు మాత్రమే పంపలేదు. మెకానిక్కులు, ఓవర్సీర్లు వాటితో పాటు వచ్చి, నది ఒడ్డున మిల్లు ఆవరణల్లోనే ఏళ్ల తరబడి కాపురాలు చేశారు. వాళ్ల పెత్తనం, కూలీల పట్ల వాళ్ల కరుకుదనం వేరే చరిత్ర, దాన్ని మెచ్చుకోవడం లేదు. కానీ రాత్రి మగ్గం ఆగితే దిగి వచ్చే మనిషి ఆ ఆవరణలోనే ఉండేవాడు. నా మనిషి న్యూ టౌన్‌లో అపార్ట్‌మెంట్ పదో అంతస్తులో ఉండేవాడు, అంటే నేనే.

నేతగాళ్ల సంగతి చివరికి పెట్టాను, చెప్పడానికి కష్టమైనది కాబట్టి. నేత కూలి గుడ్డ లెక్క మీద ఉంటుంది. మగ్గం ఆగితే గుడ్డ లేదు, గుడ్డ లేకపోతే డబ్బు తగ్గుతుంది. పాత మగ్గం మీద చేయి తిరిగిన నేతగాళ్లనే ఏరి నా మగ్గాల మీద పెట్టించాను, ప్రదర్శన బాగుండాలని. అంటే బాగా సంపాదించేవాళ్లకే దెబ్బ తగిలింది. కొందరు పాత మగ్గానికి తిరిగి వెళ్తామన్నారు, ఆ స్థానాల్లో అప్పటికే వేరేవాళ్లున్నారు. ఒకతను ఆ వేసవిలో ఊరెళ్లి మళ్లీ రాలేదు. ఈ దేశంలో జూట్ మిల్లుల మీద ఆధారపడ్డ కార్మికులు 3.7 లక్షల మందని అప్పట్లో ప్రభుత్వం చెప్పేది. ఆ అంకె నా ప్రసంగంలో ఉండేది. అందులో ఒక మనిషి కూలి నా మూలంగా తగ్గుతుందని లెక్క వేసుకోలేదు. మగ్గం ఆగిన గంటలకి కూలి ఎవరిస్తారని నా ఒప్పందంలో ఒక్క వాక్యం లేదు. మిల్లు అడగలేదు, నేను పెట్టలేదు, అడగాల్సినవాళ్లు ఆ బల్ల దగ్గర లేరు.

సమావేశంలో నేతగాళ్లకి మెలకువ లేదని నేనన్నది ఆ రోజుల్లోనే. ఆ గదిలో ఎవరూ నన్ను ఖండించలేదు. ఖండించగలిగినవాడు బయట మగ్గం దగ్గర పోగులు కడుతున్నాడు.

చివరికి దారి చూపింది ఆ మిస్త్రీయే. వేగం తగ్గించమన్నాడు. 200 దాటే మగ్గాన్ని 160కి దించితే నేను అమ్మిన మాటకి అర్థమేముందని మొదట ఒప్పుకోలేదు. మేనేజరు ఒప్పుకున్నాడు, ఆయనకి ప్రభుత్వ ఆర్డరు గడువు ముంచుకొస్తోంది. తగ్గించాక తెగడం తగ్గింది, ఆగడం తగ్గింది, రోజు చివర గుడ్డ పెరిగింది. నాడె మగ్గం అదే వేగంతో నడిచినా కండె మార్చడానికి ఆగాల్సిందే, ఇది ఆగదు. లాభం అక్కడే ఉంది, మొదటి నుంచీ. నేను వేగం అమ్మాను. ఆగకపోవడాన్ని అమ్మాల్సింది. నూలు బాగున్న నెలల్లో పెంచుకోవచ్చు, బాగోలేని నెలల్లో దించుకోవచ్చు అని ముందే చెప్పి ఉంటే ఎవరి నమ్మకమూ పోయేది కాదు. ఆ పట్టిక ఇప్పుడు ప్రతి మగ్గానికీ అంటించి ఉంటుంది, ఐదు భాషల్లో. తెలుగు పేజీ ఆ పెద్దాయన చెబుతుంటే నేను రాశాను.

ఇప్పుడు పని చేసే తీరు మారింది. ప్రదర్శనకి మిల్లులోని అత్యంత నాసి బ్యాచి అడుగుతాను. అమ్మడానికి ముందు ఒక సీ షిఫ్టు మొత్తం తాంత్‌ఘర్‌లో కూర్చుంటాను. కుట్టు విభాగానికి అంచు ముక్క ముందే ఇస్తాను. ఇనుప భాగాల డ్రాయింగులు తయారీదారుతో పోరాడి తెచ్చి హౌరాలో ఇచ్చాను. పట్టులు, చక్రాలు ఇప్పుడు అక్కడే తయారవుతున్నాయి, కొన్ని అసలువాటికంటే ఎక్కువకాలం వస్తున్నాయి. మొదటి మూణ్ణెల్లు నేతగాడి కూలి పాత సగటు కంటే తగ్గకుండా ఒప్పందంలో రాయిస్తున్నాను, తగ్గితే ఆ తేడా మాది. ఈ షరతు వల్ల మా ధర పెరిగింది. షరతు లేకుండా తక్కువకి ఇచ్చేవాళ్లకి ఈమధ్య ఒక ఆర్డరు పోయింది. మా కంపెనీలో దాని మీద వాదన ఇంకా నడుస్తోంది. నేను వెనక్కి తగ్గను.

తేలనిది ఒకటుంది. మగ్గాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు. దాని లోపలి రాత తయారీదారు ఇవ్వడు. బోర్డు కాలిపోతే హౌరాలో ఎవరూ చెయ్యలేరు, కొత్తది ఓడలోనే రావాలి. దుమ్ము చొరబడకుండా పెట్టె మార్చాం, వోల్టేజి హెచ్చుతగ్గులకి స్టెబిలైజర్ పెట్టాం, రెండు బోర్డులు మిల్లులోనే నిల్వ ఉంచాం. ఇవన్నీ చేశాక కూడా, పదేళ్ల తర్వాత ఆ కంపెనీ ఈ బోర్డు చెయ్యడం మానేస్తే ఈ మగ్గాలు ఏమవుతాయని మొన్న కొత్తగా చేరిన ఒక ఫిట్టర్ కుర్రాడు అడిగాడు. మిషనే చూసుకుంటుందని చెప్పలేను. తయారీదారుకి రాశాను, బోర్డు ఆపేసే రోజున దాని వివరాలు కొన్నవాళ్లకి ఇచ్చేలా ఒప్పందంలో మాట కావాలని. వాళ్లు ఒప్పుకోలేదు. మళ్లీ రాశాను. ఆ కుర్రాడికి ఆ రెండు ఉత్తరాలూ చూపించాను, రెండోదానికి జవాబు ఇంకా రాలేదని చెప్పాను.